విరాటపర్వము – వానయాట: అనంతపుర ప్రాంతపు తోలుబొమ్మలాటయందలి ఒక విశ్వాసమునకు మూలము

వానలు వెనుకబడిన యేడు ఊరివారు తలకింత చందా వేసికొని తోలుబొమ్మలాట ఆడించుట అనంతపుర ప్రాంతమున పూర్వాచారము. బొమ్మలాటవారి యొద్ద కథలకు కొదువ లేదు. సుందరకాండ, లక్ష్మణమూర్ఛ, మైరావణచరిత్ర, పద్మవ్యూహము, ఇవన్నియు వారాడునవే. జాతరకైనచో ఊరివారు ఏది కోరినను కోరవచ్చును. వాన నిమిత్తమై ఆడింపవలసినప్పుడు మాత్రము కోరునది విరాటపర్వమే. విరాటపర్వము చదివిన చోట వాన కురియునను నమ్మకము ఈ ఒక్క సీమకే పరిమితమైనది కాదు. తెలుగునాట పురాణశ్రవణము జరుగు ఊళ్ళన్నింటను, సరిహద్దునకు ఆవలి కన్నడ గ్రామములలోను ఇది వినవచ్చును. అచ్చట పురాణికుని గళమున నిలిచినది ఇచ్చట బొమ్మల తెరపైకి ఎక్కినది.

పదునెనిమిది పర్వములుండగా వానకు విరాటపర్వమే ఏల? ఈ ప్రశ్నకు సాధారణముగా రెండు విధముల సమాధానము చెప్పుదురు. పామరుల విశ్వాసమునకు హేతువు వెదుకరాదనునది ఒకటి. పుణ్యకథ ఏది విన్నను మేలు కలుగుననునది రెండవది. రెండును ప్రశ్నను దాటవేయునవే. పుణ్యకథ ఏదైనను చాలునన్నచో ఊరివారు ఇంత నిక్కచ్చిగా ఒక్క పర్వమునే కోరనక్కరలేదు. వాన పేరెత్తిన కథయే కావలెనన్నచో, భారతమున అంతకంటె ప్రసిద్ధమైన వానకథ వేరొకటి కలదు. అరణ్యపర్వమున ఋశ్యశృంగుడు అడుగుపెట్టినంతనే రోమపాదుని అంగదేశమున అనావృష్టి తొలగినది. రామాయణ బాలకాండమునను ఈ కథ ఉన్నది. ఆదిపర్వమున ఖాండవదహనవేళ ఇంద్రుడు కురిపించిన వాన ఉండనే ఉన్నది. వీనిని విడిచి జనులు విరాటపర్వమును ఎన్నుకొనుటకు కారణము ఆ పర్వములోనే ఉండవలెను. ఉన్నది కూడ.

గోగ్రహణ ఘట్టము ఆరంభమును ఒకసారి స్మరింపుడు. పాండవులను వెదుకబోయిన చారులు రిక్తహస్తములతో మరలివచ్చిరి. కీచకుడు గంధర్వులచేత హతుడైనాడను వార్త మాత్రము తెచ్చిరి. అజ్ఞాతవాసపు గడువు ముగియవచ్చుచున్నది. దుర్యోధనుని సభలో కర్ణ దుశ్శాసనులు మరల చారులను పంపవలెననిరి. ద్రోణుని పిమ్మట భీష్ముడు మాటలాడెను. ఆయన చెప్పినది వేరు. ధర్మజుని మనిషి రూపమున వెదుకవద్దు, దేశపు రూపమున వెదుకుమనుట ఆయన మాటల సారము. యుధిష్ఠిరుడున్న దేశమున జనులు దానశీలురై, సత్యవాదులై, అసూయ లేనివారై ఉందురు. అచ్చట మేఘుడు కాలము తప్పక కురియును. భూమి సస్యసమృద్ధమై యుండును. ధాన్యమునకు సారము, ఫలములకు రసము ఉండును. ఆవులు పెక్కులై, పుష్టి కలిగి, పాడి సమృద్ధిగా ఇచ్చును. ఇట్టి గుర్తులున్న దేశమేదో కనుగొన్నచో ధర్మజుడు అందున్నట్లే.

విరాటపర్వమునకు వానతో గల సంబంధమంతయు ఈ ఒక్క ఉపన్యాసమున బీజరూపమున ఉన్నదని తోచుచున్నది. ఇందు వాన ఒక యాగఫలము కాదు, ఒక వరము కాదు. ధర్మజుని ఉనికికి గుర్తు. ధర్మజుడున్న చోట వాన ఉండును. ఆ ఏడాది ధర్మజుడు విరాటుని కొలువున కంకుభట్టుగా ఉండెను. కావున విరాటుని కథ నడచిన చోట ధర్మజుడున్నట్లే. ఇట్లు తర్కించి గ్రామస్థులు ఆట ఆడించుచున్నారని నేననను. కాని శతాబ్దములుగా పురాణము విన్న చెవులకు ఈ అన్వయము అందకపోదు. నిరక్షరుడు భారతమును ఎరుగడనుకొనుట మన పండితుల పొరపాటులలో ఒకటి.

భీష్ముని మాటలు అంతటితో ఆగక కథను ముందునకు నడిపించినవి. సమృద్ధమైన దేశమనగానే త్రిగర్తరాజు సుశర్మకు మత్స్యదేశపు గోధనము తోచెను. కీచకుడు లేని విరాటుని గెలుచుట సులభమనెను. దక్షిణగోగ్రహణము, మరునాడు ఉత్తరగోగ్రహణము వెంటవెంట జరిగినవి. కౌరవులు తోలుకొనిపోయిన ఆవులు అరువదివేలని మూలము చెప్పుచున్నది. వానతో మొదలై ఆవులతో నడచిన ఈ కథ రాయలసీమ రైతునకు పరాయికథ కాదు. కరవు వచ్చిన యేట ముందు పోవునది పంట. పిదప పోవునది గొడ్డు. గ్రాసము లేక పశువులను సంతకు తోలవలసిన స్థితి ఇచ్చటి వారికి తరతరముల అనుభవము. పోయిన ఆవులు మందలు మందలుగా ఇంటికి మరలివచ్చు కథను వారు కోరుటలో వింత ఏమున్నది?

ఇంకొక సాక్ష్యము మన ఇండ్లలోనే కలదు. ఉరుము ఉరిమినప్పుడు, పిడుగు పడునేమోయని భయపడినప్పుడు, ‘అర్జునా, ఫల్గుణా’ అని స్మరించుట తెలుగువారి అలవాటు. పెద్దలు పిల్లలకు నేర్పిన ఈ నామములు పది. ఇవి వరుసగా చెప్పబడినది విరాటపర్వముననే. జమ్మిచెట్టు చెంత బృహన్నల తాను అర్జునుడనని చెప్పగా ఉత్తరుడు నమ్మక, అట్లయినచో నీ పది పేర్లు చెప్పుమని అడిగెను. అర్జున, ఫల్గున, జిష్ణు, కిరీటి, శ్వేతవాహన, బీభత్సు, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ నామములను, ఒక్కొక్కదానికి అర్థముతో సహా, కిరీటి స్వయముగా చెప్పెను. అర్జునుడు ఇంద్రసుతుడు, వాన, పిడుగు ఇంద్రునివి. పిడుగువేళ ఇంద్రుని వేడక కొడుకు పేరు చెప్పి తండ్రిని శాంతింపజేయుట మన జనుల నేర్పు. ఏడాది పొడవున దాగిన వీరుడు, ఆ వీరుడు చెట్టుమీద దాచిన గాండీవము, తుదకు దాని గుణధ్వని: ఈ మూడును మబ్బు రాక ఎదురుచూచువాని మనస్సున ఏ భావమును రేపునో ఊహింపవచ్చును. ఇది మాత్రము నా ఊహ. భీష్మోక్తి, దశనామములు గ్రంథస్థములు.

ఈ సీమ సంగతి కొంత చెప్పవలెను. అవిభక్త అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనమునకు తూర్పుతీరము దూరము. రెండు వానలకును ఇది చివరి ఊరు. పెన్న, చిత్రావతి, వేదవతి పేరునకు నదులే కాని ఏటిలో పెక్కు నెలలు ఇసుకయే కనబడును. విజయనగర కాలమున త్రవ్వించిన చెరువులు లేకున్నచో ఇచ్చట ఊళ్ళు నిలిచియుండెడివి కావు. అనంతపురమను పేరే 14వ శతాబ్దిలో చెరువు వెంట వెలసిన ఊరిది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విభజింపబడినది. బొమ్మలాటకు ప్రసిద్ధమైన ధర్మవరము మండలములోని నిమ్మలకుంట ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నది. వ్యవహారమున మాత్రము అది అనంతపురపు బొమ్మలాటయే.

బొమ్మలాట తెలుగుదేశమున ప్రాచీనమనుటకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర సాక్ష్యము. శ్రీశైలమున శివరాత్రి వేళ జరుగు ఆటపాటల ప్రసంగమున బొమ్మలాట ప్రస్తావన కలదని విజ్ఞులెరుగుదురు. ఇప్పుడు ఈ విద్యను నిలిపినవారు మాత్రము మహారాష్ట్రమునుండి వచ్చిన కుటుంబములవారుగా చెప్పుకొందురు. వారు ఇంట మాటలాడునది మరాఠీ సంబంధమైన భాష. తెరవెనుక పాడునది తెలుగు. మాతృభాష వేరైనవారు తెలుగు ద్విపదను, పద్యమును తరతరములు కంఠస్థముగా కాపాడుట సామాన్యవిషయము కాదు. రామకథకు రంగనాథరామాయణ ద్విపద వారికి ఆధారము. భారతకథలలో పద్యము, దరువు, వచనము కలిసి వచ్చును. వచనము ఆ రాత్రి ఆ ఊరికి తగినట్లు మారును.

తోలు పదునుపెట్టు విధము తెలిసినదే. మేకతోలును నానబెట్టి, రోమము గీచి, సాగదీసి ఎండబెట్టినచో దీపపు వెలుగు ఆవలికి కనబడునంత పలుచనగును. దానిపై రూపు గీచి, నగలకు, అంచులకు ఉలితో రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగు వేయుదురు. ఆ రంధ్రములగుండా వచ్చు వెలుగే కిరీటములోని రత్నము. పూర్వము దేవతా పాత్రలకు జింకతోలు వాడెడివారందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిదప దానికి తావు లేదు. భీముడు, రావణుడు వంటి బొమ్మలు మనిషి యెత్తునకు వచ్చును. కాళ్ళు, చేతులు విడివిడిగా కత్తిరించి దారముతో ముడివేయుటచే అవి కదలును. పార్శ్వముఖము, పెద్దకన్ను, కోణములుగా నిలిచిన వస్త్రపు అంచులు చూచినవారికి లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములు జ్ఞప్తికి రాకమానవు. 16వ శతాబ్దపు ఆ చిత్రములలో కిరాతార్జునీయము, ద్రౌపదీస్వయంవరము ఉన్నవి. చిత్రకారునినుండి బొమ్మలవాడు నేర్చెనో, బొమ్మలవానినుండి చిత్రకారుడు నేర్చెనో తేల్చిచెప్పుట కష్టము. ఒకే కన్ను, ఒకే గీత రెండింటను ఉన్నవనుట మాత్రము నిజము.

ఊరి బయట బయలులో గుంజలు పాతి తెల్లని పంచెలు తెరగా కట్టుదురు. వెనుక పూర్వము ఆముదపు దీపములు, తరువాత పెట్రోమాక్సు, ఇప్పుడు విద్యుద్దీపము. హార్మోనియము, మద్దెల, తాళములు ఉండును. యుద్ధఘట్టములందు కాలిక్రింది చెక్కలను తొక్కి చప్పుడు చేయుదురు. విఘ్నేశ్వరుడు, సరస్వతి తెరపైకి వచ్చి పోయిన పిదప కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వింతురు. వీరి మాటలు కొన్ని సభ్యతామర్యాదను దాటునని పూర్వవిమర్శకులు కొందరు ముఖము చిట్లించిరి. వాన కోరి ఆడించు ఆటలో సంతానమును, పంటను, పాడిని కోరు మోటు హాస్యము ఉండుట సహజమని నాకు తోచును. లోకమున వర్షకాముక క్రియలనేకములు ఇట్టివే. కప్పను రోకలికి కట్టి వీధులలో నీరు పోయించుకొనుచు తిరుగు ‘కప్పతల్లి’ ఆటలో మాత్రము గాంభీర్యమెక్కడ?

విరాటపర్వపు ఆటలో కీచకవధకే ప్రేక్షకుడు మేలుకొని కూర్చుండును. నర్తనశాల చీకటిలో భీముని పెద్దబొమ్మ తెరకు అద్దుకొని నిలుచుట బొమ్మలాటకు సొంతమైన సొగసు. తెరకు దగ్గరైనకొలది బొమ్మ స్పష్టమగును, దూరమైనకొలది నీడ పెరిగి మసకయగును. పిదప ఉత్తరుని ప్రగల్భములు. ‘ఉత్తరకుమారుడు’ అను మాట తెలుగులో సామెతగా నిలుచుటకు తిక్కన కవిత ఎంత కారణమో, కేతిగాని ప్రక్కన నిలిచి బీరములు పలికిన ఈ తోలుబొమ్మయు అంత కారణమై యుండును. ఆవులు మరలివచ్చినంతనే కథ ఆగదు. ఉత్తరాభిమన్యుల వివాహము జరుగవలెను. తెల్లవారుజామున పెండ్లితో, మంగళహారతితో ఆట ముగియును. వానకు ఆడించిన ఆట పెండ్లితో ముగియుట విశ్వాసమున భాగమే. ఆట నడుమ నిజముగనే వాన వచ్చినచో తెరకట్టు తడిసి ఆట ఆగును. బొమ్మలవాడు దేనిని పిలిచెనో అదియే వానిని లేపి పంపును. ఎండనెలలు తిరిగి, వానలకు ఇల్లు చేరుట ఈ వృత్తికి సహజమైన క్రమము.

నీరు లేని చోటి కథ ఇట్లుండగా, నీరు మితిమీరిన చోట ఇట్టి భక్తికళ ఎట్లు బ్రదుకుచున్నదో చూచుట ప్రయోజనకరము. అస్సాములో బ్రహ్మపుత్ర నడుమనున్న మాజులి ద్వీపము వైష్ణవసత్రములకు నెలవు. శ్రీమంత శంకరదేవుడు (1449–1568), ఆయన శిష్యుడు మాధవదేవుడు నెలకొల్పిన సంప్రదాయమది. కార్తికపూర్ణిమకు, వరదలు తగ్గిన పిమ్మట, అచ్చట రాసోత్సవము జరుగును. దక్షిణపాట్, గరమూర్, కమలాబారి మొదలగు సత్రములలోను, ఊరూర కట్టిన వేదికలపైనను రాత్రులు కృష్ణలీలలు ఆడుదురు. శంకరదేవుడు రాసక్రీడ ఇతివృత్తముగా కేలిగోపాల నాటకము రచించెను. ఆయన నాటకములను అంకియానాటులందురు. వాని భాష వ్రజావళి. సూత్రధారుడు ఆద్యంతము రంగమున నిలిచియుండును. మన యక్షగానము నెరిగినవానికి ఇది చుట్టపు వరుసగా కనబడును. చామగురి సత్రమున వెదురుబద్దలతో చట్రము అల్లి, బంకమట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, పేడ కలిపిన మట్టి పూసి పూతన, బకాసుర, కాళియుల ముఖములు చేయుదురు. మనకు తోలు ఎట్టిదో వారికి మట్టి అట్టిది. దగ్గరనున్న వస్తువుతోనే దేవుని చేసికొనుట ఉభయత్ర సమానము.

అచ్చటి భయము వేరు. 1950 ఆగస్టు 15 నాటి మహాభూకంపము పిదప బ్రహ్మపుత్ర కోత హెచ్చి, ద్వీపపు నేల ఏటేట నీటిపాలగుచున్నది. కొన్ని సత్రములు నేల కోల్పోయి ద్వీపమును విడిచి వేరుచోట్లకు తరలినవి. 2016లో మాజులి జిల్లాగా ఏర్పడినది కాని నదికి ఆ సంగతి పట్టలేదు. అయినను సత్రము తరలినప్పుడు గ్రంథము, ప్రతిమ, గురుపరంపర వెంట తరలినవి. అంకియానాటు వ్రాతలో ఉన్నది. దానిని పాడు భక్తులు సత్రమున పెరిగినవారు. నేల పోయినను పాఠము పోలేదు.

మన బొమ్మలాటవారికి సత్రము లేదు, మఠము లేదు, మాన్యము లేదు. వారి గ్రంథము తండ్రి గొంతు. వారి సత్రము ఒక తోలుబొమ్మల పెట్టె. ఆట ఆడించు ఊరు ఒక్కటే వారికి పోషకుడు. సినిమా, తరువాత దూరదర్శనము వచ్చినంతనే ఆ పోషకుడు తప్పుకొనెను. విరాటపర్వపు కథను 1963లో నర్తనశాల చిత్రము ఇంటింటికి తెచ్చినది; అది గొప్ప చిత్రమే. దానివలన కథ మిగిలినది, ఆడించు నిమిత్తము మిగులలేదు. బోరుబావులు, వేరుశనగ, పిదప కాలువల మీద వచ్చిన కృష్ణానీరు రైతు చూపును ఆకాశమునుండి కొంత దింపినవి. ఇది ఫిర్యాదుగా చెప్పుట లేదు. వాన కొరకు బొమ్మలాడించుకొను దుర్దశ ఎవరికిని కలుగవలెనని ఎవడు కోరును?

చేతిపని మాత్రము నిలిచినది. తోలుదీపపు గుమ్మటములు, తలుపు తెరలు, గోడ అలంకరణలు చేసి నిమ్మలకుంటవారు దేశవిదేశముల అంగళ్ళకు పంపుచున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించినది. సంతోషింపదగిన విషయములే. అయితే దీపపు గుమ్మటముపై అర్జునుని రూపు ఉండును కాని ఆ అర్జునునికి మాట ఉండదు. తోలును కొనువారు కలరు. పద్యమును కొనువాడు లేడు. ఉలి పట్టిన పిల్లవానికి కూలి దొరకును కనుక ఉలి నేర్చును. రాత్రియంతయు పాడవలసిన పాఠము నేర్చుటకు వానికి కారణము కనబడదు. కావున ఈ విద్యలో నేడు ప్రమాదమున ఉన్నది బొమ్మ కాదు, పాఠము.

పాఠము మన ప్రాచ్యకళాశాలల పని. తాళపత్రములకై మనము పడిన శ్రమలో పదియవవంతు ఈ కంఠపాఠములకై పడియుండమేమో. చిత్రశాలలవారు బొమ్మలను భద్రపరచిరి. రంగస్థల పరిశోధకులు దీపమును, తెరను వర్ణించిరి. తెరవెనుక గొంతు ఏ పద్యమును ఏ పాఠాంతరముతో పాడుచున్నదో చూడవలసినవారు భాషాధ్యాపకులు. విరాటపర్వమునే ముందుగా తీసికొనవచ్చును. తిక్కన పద్యములు ఎన్ని యథాతథముగా నిలిచినవి, ఎన్ని విరిగి దరువులైనవి, ఎన్ని ఇతరుల రచనలు చేరినవి అను లెక్క తీయుట ఒక విద్యార్థి ఏడాది పని. రంగనాథరామాయణపు ముద్రితపాఠముతో వారి ద్విపదను పోల్చుట మరియొకనిది. పాడువారు వృద్ధులు, సంపూర్ణరాత్రి ప్రదర్శనమును ఆద్యంతము ఎరిగినవారు కొలదిమంది.

ఈ పరిశీలన చేయబోవువారు ప్రత్యేకముగా ఒక ఘట్టమును అడిగి పాడించుకొనవలెనని నా విన్నపము. అది కీచకవధయు కాదు, ఉత్తరుని ప్రగల్భమును కాదు. చారులు మరలివచ్చిన పిదప కౌరవసభలో భీష్ముడు పలికిన మాటలు. వాన కొరకు కట్టిన తెరపై ఆ పలుకులు పద్యముగా వచ్చుచున్నవో, వచనముగా వచ్చుచున్నవో. విస్తరించి చెప్పుచున్నారో, తేల్చివేయుచున్నారో. కాలము తప్పని వాన, పాడి సమృద్ధిగా ఇచ్చు ఆవులు అనుచోట మద్దెల ఆగుచున్నదో, హెచ్చుచున్నదో వ్రాసికొనవలెను. ఆ ఘట్టమును వారు విడిచిపెట్టి ఆడుచున్నచో, ఎప్పటినుండి విడిచిరో, ఏల విడిచిరో కూడ అడుగవలెను.